పెళ్లి ఫొటోల ఎడిటింగ్‌కి మానిటర్: ఎలా ఎంచుకోవాలి, కొన్నాక ఎలా సెట్ చేసుకోవాలి

ఆల్బమ్ ప్రింటై వచ్చాక ఫొటోలు నల్లగా ఉన్నాయన్న గొడవ ఫొటోగ్రాఫర్లు నలుగురు చేరిన ప్రతిచోటా వినిపిస్తుంది. "మా సిస్టమ్‌లో బాగానే ఉంది కదా, ల్యాబ్ వాళ్లే పాడుచేశారు" అంటారు. ల్యాబ్ తప్పు చేసే సందర్భాలు లేకపోలేదు. కానీ ఎక్కువసార్లు జరిగేది వేరు. కొత్త మానిటర్ డబ్బాలోంచి తీసేసరికే బ్రైట్‌నెస్ బాగా పైన పెట్టి ఉంటుంది. ఆ వెలుగులో ఫొటో కాస్త తెల్లబోయినట్టు అనిపించి ఎక్స్‌పోజర్ తగ్గిస్తాం. ల్యాబ్ మిషనుకి మీ స్క్రీన్ వెలుగుతో పని లేదు, ఫైల్లో ఉన్న అంకెలు ఏం చెబితే అదే అచ్చు వేస్తుంది.

లెక్క చూడండి. ప్రింట్‌తో సరిపోలాలంటే స్క్రీన్ వెలుగు 100 నుంచి 120 నిట్స్ (తెర వెలుగుని కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. మీరు 240 నిట్స్‌లో ఎడిట్ చేస్తున్నారంటే, మీకు కనిపిస్తున్న ఫొటో కాగితం మీద రాబోయే దానికన్నా ఒక స్టాప్ ఎక్కువ వెలుగులో, అంటే రెట్టింపు వెలుగులో ఉన్నట్టు. కెమెరాలో ఒక స్టాప్ తేడా అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి ఎడిటింగ్ మానిటర్ పని ఫొటోని అందంగా చూపించడం కాదు, ఉన్నది ఉన్నట్టు చూపించడం. షాపులో పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు కళ్లు జిగేల్‌మనిపించే మానిటర్ సాధారణంగా మనకు పనికిరానిదే. ఈ మాట గుర్తుంచుకుంటే సగం ప్రకటనలు చదవాల్సిన పనే తప్పుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఆ ఫొటోలు చివరికి ఎక్కడ చూస్తారు?

సైజు, బ్రాండ్, ధర అన్నీ ఈ ప్రశ్న తర్వాతే. పెళ్లి పని చేసేవాళ్లకు జవాబు దాదాపు ఒకటే. కొన్ని ఫొటోలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోన్ల మీద చూస్తారు, మిగతావి ల్యాబ్‌లో ఆల్బమ్ షీట్లవుతాయి. ఈ రెండింటికీ ఎస్‌ఆర్‌జీబీ చాలు.

ఎస్‌ఆర్‌జీబీ అనేది ఒక రంగుల పరిధి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి దీన్ని ప్రతిపాదించాయి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆనాటి డబ్బా మానిటర్లు, అంటే సీఆర్‌టీలు, ఏ రంగులు చూపగలవో దాన్ని బట్టి గీసిన గీత ఇది. పాతదే అయినా వెబ్ ఇప్పటికీ ఎక్కువగా దీని మీదే నడుస్తోంది. ఆల్బమ్ ల్యాబ్‌లు కూడా ఎక్కువగా ఎస్‌ఆర్‌జీబీ జేపీఈజీలే అడుగుతాయి. మీ ల్యాబ్ ఏం అడుగుతుందో ఒక ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్ చేయకుండా మానిటర్ కొనకండి.

రెండో రంగుల పరిధి అడోబ్ ఆర్‌జీబీ, 1998 నాటిది. ఇది ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్దది, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలం-ఆకుపచ్చ కలిసే వైపు. మన పెళ్లిళ్లలో ఈ తేడా కనిపించేది నెమలి కంఠం రంగు పట్టుచీర దగ్గర. ఎండలో ఆ చీర మడతల్లో మెరిసే నీలిపచ్చ ఎస్‌ఆర్‌జీబీ గీత దాటిపోతుంది. రా ఫైల్లో (కెమెరా పట్టినది పట్టినట్టు దాచే ఫైలు) కెమెరా దాన్ని పట్టుకుంటుంది కానీ ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ మీద మడత మడతకీ ఉన్న తేడా పోయి, ఒకే రంగు పూసినట్టు చదునుగా కనిపిస్తుంది. మంచి ఇంక్‌జెట్ ప్రింటర్ మీద ఫైన్ ఆర్ట్ కాగితంతో సొంతంగా ప్రింట్లు తీసేవాళ్లకి, చీరల కేటలాగులు షూట్ చేసేవాళ్లకి ఇది అసలు విషయం. వాళ్లు అడోబ్ ఆర్‌జీబీ 99 శాతం చూపే మానిటర్‌కే వెళ్లాలి. ల్యాబ్‌కి ఎస్‌ఆర్‌జీబీలో పంపేవాళ్లకి మాత్రం ఆ రంగు ఎలాగూ ఫైల్లోంచి పోతుంది. పోయేదాన్ని స్క్రీన్ మీద చూసి మురిసిపోవడానికి రెట్టింపు డబ్బు ఎందుకు?

మూడోది పీ3. డిజిటల్ సినిమా ప్రొజెక్షన్ కోసం పుట్టింది, ఎరుపు, పచ్చ వైపు ఎస్‌ఆర్‌జీబీ కన్నా వెడల్పు. 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి యాపిల్ ఫోన్లలో ఉన్నది ఈ పరిధే. వీడియో కూడా చేసేవాళ్లకి పీ3 మానిటర్ మంచి మధ్యేమార్గం.

విస్తృత పరిధి ఉన్న మానిటర్లతో ఒక చిక్కుంది. ఫొటోషాప్, లైట్‌రూమ్ లాంటివి మానిటర్ ప్రొఫైల్ (ఆ మానిటర్ రంగుల్ని ఎలా చూపుతుందో రాసి ఉన్న ఫైలు) చదివి రంగుల్ని సరిదిద్ది చూపిస్తాయి. విండోస్‌లో అన్ని ప్రోగ్రాములూ ఆ పని చేయవు. ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లలో కూడా ప్రొఫైల్ పట్టించుకోనివి ఉన్నాయి. అలాంటి వాటిలో ఎస్‌ఆర్‌జీబీ ఫొటో తెరిస్తే ఎరుపు రక్తంలా, పసుపు నిమ్మపండులా మండిపోతుంది. అది చూసి కంగారుపడి శాచురేషన్ తగ్గిస్తే, ప్రింట్‌లో ముఖాలు పాలిపోతాయి. అందుకే విస్తృత పరిధి మానిటర్ కొన్నా, దాన్ని ఎస్‌ఆర్‌జీబీకి కట్టిపడేసే మోడ్ అందులో తప్పకుండా ఉండాలి. ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చుకోనిస్తుందో లేదో కూడా చూడండి. కొన్ని చవక మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ తాళం వేసినట్టు ఆగిపోతుంది, ఇక ఆ మోడ్ ఉన్నా లేనట్టే.

స్పెక్స్ కాగితం చదవడం

కంపెనీలు అబద్ధం రాయవు కానీ మనకు కావలసిన మాట ముందు రాయవు. ఇక్కడ కాస్త ఓపిక కావాలి.

"72 శాతం ఎన్‌టీఎస్‌సీ" (పాత టీవీ ప్రమాణం నాటి రంగుల పరిధి) అని కనిపిస్తే అది విస్తీర్ణంలో సుమారు ఎస్‌ఆర్‌జీబీ 100 శాతానికి సమానం, పర్వాలేదు. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులకు కూడా రాదు. చవక ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఇదే. అలాంటి స్క్రీన్ మీద ఎర్ర పట్టుచీర ఇటుకరంగులో కనిపిస్తుంది. దాన్ని ఎరుపు చేద్దామని శాచురేషన్ పెంచుకుంటూ పోతే, ప్రింట్‌లో జరీ అంచు, నేత అన్నీ ఎర్రటి ముద్దలో కలిసిపోతాయి.

"125 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అన్నదీ జాగ్రత్తగా చదవాలి. విస్తీర్ణం 125 శాతం ఉన్నా, ఎస్‌ఆర్‌జీబీలోని రంగులన్నీ అందులో ఉన్నాయని అర్థం కాదు. ఒకవైపు బయటికి పొంగి, ఇంకోవైపు లోపలికి తగ్గి ఉండొచ్చు. కవరేజ్ ఎంత అని విడిగా రాశారేమో వెతకండి. కవరేజ్ అయితే 100 శాతం దాటదు.

డెల్టా ఈ అనేది రావాల్సిన రంగుకీ స్క్రీన్ మీద వచ్చిన రంగుకీ మధ్య దూరం. సగటు 2 లోపు ఉంటే మన కంటికి తేడా పట్టుకోవడం కష్టం. ఫ్యాక్టరీలోనే సరిచూసి పంపే మానిటర్ల డబ్బాలో ఆ మానిటర్‌కి సంబంధించిన కొలతల కాగితం ఒకటి పెడతారు. ఉంటే మంచిదే. అది మానిటర్ ఫ్యాక్టరీలో ఉన్న రోజు సంగతి అని మాత్రం మరిచిపోవద్దు.

8 బిట్ ప్యానెల్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, మొత్తం 1.67 కోట్ల రంగులు. 10 బిట్‌లో 1024 మెట్లు, 107 కోట్ల రంగులు. అంకెల్లో తేడా భారీగా ఉంది కానీ మీ చేతికి చివరికి వచ్చే జేపీఈజీ 8 బిట్టే. నిజమైన 8 బిట్ ప్యానెల్ అయితే పెళ్లి పనికి నిశ్చింతగా సరిపోతుంది. 6 బిట్ ప్యానెల్‌ని గారడీ చేసి 8 అని చూపించేవాటికి దూరంగా ఉండండి. సాయంత్రం ఆకాశం ఉన్న ఔట్‌డోర్ ఫొటోల్లో అవి చారలు చారలుగా చూపిస్తాయి, చార ఫైల్లో ఉందో స్క్రీన్‌లో ఉందో తేల్చుకోలేక చస్తాం.

ఇక 165 హెర్ట్జ్, 1 మిల్లీసెకను, డైనమిక్ కాంట్రాస్ట్ కోటికి ఒకటి, హెచ్‌డీఆర్ 400. ఇవన్నీ మనకు అక్కర్లేదు. డైనమిక్ కాంట్రాస్ట్ అయితే ఫొటో ఫొటోకీ వెలుగు దానంతట అదే మార్చేస్తుంది, ఉంటే ఆపేయడమే. వంపు తిరిగిన మానిటర్ కూడా వద్దు. మండపం స్తంభాలు నిటారుగా ఉన్నాయా లేదా అని చూసుకునేవాడికి వంగిన స్క్రీన్ ఏం సాయం చేస్తుంది?

ప్యానెల్ విషయంలో పెద్ద చర్చ అవసరం లేదు. ఐపీఎస్ తీసుకోండి. టీఎన్ ప్యానెల్‌లో తల కాస్త కిందికి పైకి ఆడిస్తే ముఖం రంగు మారిపోతుంది. వీఏలో నలుపు బావుంటుంది, కాంట్రాస్ట్ 3000కి ఒకటి దాకా వస్తుంది, కానీ పక్కనుంచి చూస్తే నీడల్లో వివరం తేలిపోయినట్టుంటుంది. ఐపీఎస్ కాంట్రాస్ట్ మామూలుగా 1000కి ఒకటి, ఐపీఎస్ బ్లాక్ అనే కొత్త రకంలో 2000. కాగితం మీద ప్రింట్‌కి అంతకన్నా చాలా తక్కువ కాంట్రాస్టే ఉంటుంది కాబట్టి 1000 చాలు. ఓఎల్‌ఈడీ చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ లైట్‌రూమ్ ప్యానెళ్లు రోజుకి పదేసి గంటలు ఒకేచోట నిలబడి ఉండే పనికి, మచ్చ పడే భయం ఉన్న తెర నేనైతే పెట్టను.

సైజు, రిజల్యూషన్

పెళ్లి ఆల్బమ్‌లో ఎక్కువగా నడిచే షీట్ 12×36 అంగుళాలు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అది 10,800×3,600 పిక్సెళ్లు. దాన్ని ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద పూర్తిగా చూడాలంటే దాదాపు ఆరో వంతుకి కుదించాలి, పైగా పక్కన టూల్స్, లేయర్ల ప్యానెళ్లు కొంత చోటు తినేస్తాయి. షీట్‌లో నాలుగైదు ఫొటోలుంటే ఎవరి కళ్లు మూసుకున్నాయో కూడా తెలియదు. అందుకే 27 అంగుళాలు, 2560×1440 రిజల్యూషన్ దగ్గర మొదలుపెట్టమంటాను. అంగుళానికి దాదాపు 109 పిక్సెళ్లు వస్తాయి, అక్షరాలు స్కేలింగ్ లేకుండానే చదవడానికి వీలుగా ఉంటాయి, పాత గ్రాఫిక్స్ కార్డు కూడా మూలగదు.

బల్ల చిన్నదైతే, బడ్జెట్ బిగుతుగా ఉంటే 24 అంగుళాల్లో 1920×1200 తీసుకోండి. 1080 కన్నా ఆ అదనపు 120 గీతలు ఎడిటింగ్‌లో నిజంగా ఉపయోగపడతాయి.

4కె అంటే 3840×2160, సుమారు 83 లక్షల పిక్సెళ్లు. 27 అంగుళాల్లో అంగుళానికి 163 వస్తాయి. ఫొటోలు ప్రింట్ తీసినట్టే కనిపిస్తాయి, రీటచింగ్ హాయిగా ఉంటుంది. కానీ రెండు సంగతులు. విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకోక తప్పదు, పాత ఆల్బమ్ సాఫ్ట్‌వేర్లు ఆ స్కేలింగ్‌లో మెనూలు చీమల్లా చూపించడమో, మసకగా చూపించడమో చేస్తాయి. రెండోది షార్ప్‌నెస్. పిక్సెళ్లు చిన్నవి కావడంతో 100 శాతం జూమ్‌లో కూడా షార్పెనింగ్, నాయిస్ తక్కువగా అనిపిస్తాయి. తెలియకుండానే స్లైడర్ ఎక్కువ లాగుతాం. ప్రింట్‌లో పెళ్లికూతురి చర్మం గరుకుగా వస్తుంది. 4కె మీద షార్ప్‌నెస్ చూసేటప్పుడు 200 శాతం జూమ్‌లో కూడా ఒకసారి చూడటం అలవాటు చేసుకోవాలి.

మ్యాక్ వాడేవాళ్లకి 27 అంగుళాల 5కె బాగా కుదురుతుంది, అంగుళానికి 218 పిక్సెళ్లు. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

డబ్బు ఎలా పంచాలి

నన్నడిగితే బడ్జెట్ మొత్తం మానిటర్‌కి పెట్టకూడదు. కలర్ క్యాలిబ్రేటర్‌కి ముందే పక్కన పెట్టి, మిగిలినదాంట్లో మానిటర్ చూసుకోవాలి. క్యాలిబ్రేటర్ అంటే స్క్రీన్ మీద ఆనించి పెట్టే చిన్న పరికరం. స్క్రీన్ మీద వచ్చే రంగుల్ని ఇది కొలుస్తుంది, ఎక్కడ తేడా ఉందో లెక్కగట్టి మీ మానిటర్‌కి ప్రొఫైల్ తయారుచేస్తుంది. క్యాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ అనే రెండు బ్రాండ్లు ఎక్కువగా దొరుకుతాయి. పాత ఎక్స్‌రైట్ ఐవన్ డిస్‌ప్లే పరికరాల వారసత్వమే ఇప్పటి క్యాలిబ్రైట్. లక్ష రూపాయల మానిటర్ కొని దీన్ని వదిలేయడం, సరిచూడని త్రాసులో బంగారం తూచడం లాంటిది. ఒకే ఊళ్లో నలుగురు స్టూడియోల వాళ్లు కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకున్నా తప్పులేదు, నెలకి ఒకసారే కదా దాని పని.

మానిటర్ల ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి వాటిని మెట్లుగా చూద్దాం. మొదటి మెట్టులో ఏసస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ, పీఏ278క్యూవీ లాంటివి. మొదటిది 24 అంగుళాలు, 1920×1200. రెండోది 27 అంగుళాలు, 2560×1440. రెండూ ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం, ఫ్యాక్టరీ డెల్టా ఈ 2 లోపు అని కంపెనీ హామీ. పెళ్లి ఆల్బమ్ పని చేసే పదిమందిలో ఎనిమిది మందికి నేను చెప్పేది ఈ మెట్టే, క్యాలిబ్రేటర్‌తో కలిపి.

మధ్య మెట్టులో 27 అంగుళాల 4కె మానిటర్లు. డెల్ అల్ట్రాషార్ప్ యూ2723క్యూఈ ఇక్కడిది. ఐపీఎస్ బ్లాక్ ప్యానెల్, పీ3 98 శాతం, ఒకే యూఎస్‌బీ-సీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి 90 వాట్ల ఛార్జింగ్ కూడా ఇస్తుంది. ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి పనిచేసుకునేవాళ్లకి ఈ సౌకర్యం చిన్నదేం కాదు.

పై మెట్టులో బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరుస, ఐజో కలర్‌ఎడ్జ్. అడోబ్ ఆర్‌జీబీ 99 శాతం వీటి ప్రత్యేకత. ఇంకోటి హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్, అంటే సవరణలు కంప్యూటర్‌లో కాక మానిటర్ లోపలి చిప్‌లోనే నిలవ ఉంటాయి. కంప్యూటర్ మార్చినా రంగు మారదు, రంగుల మధ్య మెట్లు చెడిపోవు. ఐజో సీజీ వరుసలో కొలిచే సెన్సర్ కూడా ఫ్రేమ్‌లోనే దాగి ఉంటుంది, అడిగిన వేళకి అదే బయటికి వచ్చి కొలుచుకుని వెళ్తుంది. కేటలాగ్, మ్యూజియం, ఫైన్ ఆర్ట్ ప్రింట్ల పనికి ఇవి. పెళ్లి ఆల్బమ్‌లకి ఇవి ఉండాల్సిందే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సెకండ్ హ్యాండ్‌లో ఐజోలు దొరుకుతుంటాయి. మెనూలో ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది, అది చూశాకే బేరం ఆడండి. బ్యాక్‌లైట్ వాడుతున్న కొద్దీ తగ్గుతుంది, రంగు పసుపు వైపు తిరుగుతుంది.

షాపులో, లేదా డబ్బా ఇంటికి వచ్చిన రోజు

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లో కొంటే అక్కడే ఆన్ చేయించి చూడొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, వచ్చిన రోజే పరీక్ష చేయండి. డబ్బా, థర్మాకోల్ గడువు తీరేదాకా పారేయొద్దు.

ఫొటోషాప్‌లో మూడు ఫైళ్లు చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మొదటిది పూర్తి నలుపు, అందులో 3, 6, 9, 12 విలువలున్న చిన్న చతురస్రాలు. రెండోది పూర్తి తెలుపు, అందులో 254, 252, 249, 246 చతురస్రాలు. మూడోది నలుపు నుంచి తెలుపు దాకా సాఫీగా సాగే బూడిద రంగు గ్రేడియంట్.

నలుపు ఫైల్లో 6, 9 కనిపించాలి, 3 కాస్త కష్టంగా కనిపించినా చాలు. 12 కూడా కనిపించకపోతే పెళ్లికొడుకు నల్లకోటులో మడతలు మీకు ఎప్పటికీ కనిపించవు. తెలుపు ఫైలు మనకి ఇంకా ముఖ్యం. తెల్ల పంచె, తెల్ల కండువా, మధ్యాహ్నపు మండపం: మన పెళ్లిలో పంచె నేత అంతా 240కి 255కి మధ్య ఉంటుంది. 249, 246 చతురస్రాలు తెలుపులో కలిసిపోతే ముందు మానిటర్ కాంట్రాస్ట్ తగ్గించి చూడండి. అప్పటికీ విడిపోకపోతే ఆ మానిటర్ వద్దు. గ్రేడియంట్‌లో మెట్లు మెట్లుగా గీతలు పడకూడదు, మధ్యలో ఎక్కడా గులాబీగానో పచ్చగానో రంగు తిరగకూడదు.

తర్వాత స్క్రీన్ అంతా లేత బూడిద రంగు నింపి రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. మూలలు మధ్యకన్నా ముదురుగా ఉండటం కొంత సహజం. ఎడమ సగం కాస్త పచ్చగా, కుడి సగం కాస్త గులాబీగా ఉంటే మాత్రం మార్పించుకోండి. షీట్‌లో ఎడమవైపు పెళ్లికూతురు, కుడివైపు పెళ్లికొడుకు ఉంటే ఇద్దరి రంగూ ఎప్పటికీ కుదరదు. చీకటి గదిలో పూర్తి నలుపు పెట్టి అంచుల నుంచి వెలుగు కారుతోందా చూడండి. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, నలుపు ఒక్కొక్కటీ నింపి చచ్చిన పిక్సెళ్ల కోసం వెతకండి. ఒకటీ అరా పిక్సెల్‌కి చాలా కంపెనీలు వారంటీ కింద మార్చవు, రిటర్న్ గడువులోనే తిప్పి పంపాలి.

చివరగా మీ సొంత ఫొటోలు మూడు పెట్టుకోండి. మంగళస్నానం ఫొటో ఒకటి. పసుపు పూసిన ముఖంలో నీలం చానెల్ దాదాపు సున్నాకి పడిపోతుంది, కాబట్టి పసుపు కింద చర్మం ఛాయ కనిపిస్తోందా, లేక ఒకే పసుపు అచ్చు వేసినట్టుందా చూడాలి. ఎర్ర పట్టుచీర ఒకటి. రిసెప్షన్ స్టేజీ మీద ఊదా, నీలం ఎల్‌ఈడీ లైట్ల కింద తీసింది ఒకటి. చీర మీద నేత కనిపించకపోతే వెంటనే మానిటర్‌ని తిట్టకండి. ఫొటోషాప్ ఇన్ఫో ప్యానెల్ తెరిచి, మౌస్ ఆ మడత మీద పెట్టి అంకెలు చూడండి. ఎరుపు అంతటా 255 ఉంటే వివరం ఫైల్లోనే పోయింది. అంకెలు 225, 238, 247 అని మారుతున్నా స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తే లోపం మానిటర్‌ది. ఇన్ఫో ప్యానెల్‌ని మించిన సాక్షి లేదు.

సెట్ చేసుకోవడం

అసలు పని ఇక్కడుంది. మంచి మానిటర్ తప్పుగా పెట్టుకున్నవాడికన్నా, మామూలు మానిటర్ సరిగ్గా పెట్టుకున్నవాడి ప్రింట్లే బాగా వస్తాయి.

గదితో మొదలుపెట్టండి. కిటికీకి ఎదురుగా గానీ, కిటికీ వీపు వెనక ఉండేలా గానీ కూర్చోవద్దు, పక్కన ఉంటే మంచిది. ఎదురు గోడ, వెనక గోడ తెలుపో లేత బూడిదో ఉండాలి. స్టూడియో గోడకి ముదురు గులాబీ, నారింజ వేసి అందులో ఎడిట్ చేస్తే కళ్లు ఆ రంగుకి అలవాటుపడి ముఖాల్ని నీలం వైపు లాగేస్తాయి. గదిలో లైటు రాత్రీ పగలూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

కేబుల్ డిస్‌ప్లే పోర్ట్ అయితే మంచిది. హెచ్‌డీఎంఐ వాడితే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో ఔట్‌పుట్ రేంజ్ ఫుల్ అని ఉందో లేదో చూడండి. కొన్నిసార్లు మానిటర్‌ని టీవీ అనుకుని 16 నుంచి 235 వరకే పంపిస్తుంది. అప్పుడు నలుపు బూడిదలా తేలిపోతుంది, ఎంత సరిచేసినా సరికాదు.

మానిటర్ మెనూలో ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్, బ్లూ లైట్ ఫిల్టర్, ఆటో బ్రైట్‌నెస్ అన్నీ ఆపేయండి. విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ ఆపండి. మ్యాక్‌లో ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆపండి.

క్యాలిబ్రేటర్ ఉంటే: మానిటర్ అరగంట ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వండి. యూజర్ లేదా కస్టమ్ మోడ్‌లో పెట్టి, వైట్ పాయింట్ (తెలుపు ఏ ఛాయలో ఉండాలన్నది) డీ65, గామా (నలుపు నుంచి తెలుపుకి వెలుగు పెరిగే తీరు) 2.2, వెలుగు 100 నుంచి 120 నిట్స్ అని లక్ష్యం ఇవ్వండి. పరికరం అడిగినప్పుడు మానిటర్ బటన్లతో బ్రైట్‌నెస్ దించాలి, 350 నిట్స్ మానిటర్లలో సాధారణంగా 20-30 శాతం దగ్గర లక్ష్యం చేరుతుంది. మొదటి రెండు మూడు రోజులు స్క్రీన్ చీకటిగా, పసుపుగా అనిపిస్తుంది. పట్టించుకోకండి, కళ్లు సర్దుకుంటాయి. నెలకోసారి ఇదే మళ్లీ చేయండి.

క్యాలిబ్రేటర్ లేకపోతే మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టండి, ఆర్‌జీబీ స్లైడర్లు కంటి అంచనాతో కదపొద్దు. ల్యాబ్ నుంచి వచ్చిన మంచి ప్రింట్ ఒకటి, తెల్ల కాగితం ఒకటి మానిటర్ పక్కన పట్టుకుని, స్క్రీన్ మీద తెల్ల పేజీ తెరిచి, రెండు తెలుపులూ ఒకే వెలుగులో కనిపించేదాకా బ్రైట్‌నెస్ దించండి. దీనికి గదిలో సరిపడా వెలుతురు ఉండాలి. సుమారు 350 లక్స్ (ఒకచోట పడే వెలుతురుని కొలిచే యూనిట్) పడే తెల్ల కాగితం నుంచి దాదాపు 100 నిట్స్ వెలుగు తిరిగి వస్తుంది, చదువుకోవడానికి హాయిగా ఉండే బల్ల దగ్గరి వెలుతురు అంత ఉంటుంది.

ల్యాబ్‌తో జత కుదర్చడం

ఇంకా ఒక పని మిగిలింది. మానిటర్ పరీక్షకి వాడిన ఆ మూడు ఫొటోలనీ ఒకే షీట్‌లో పెట్టి, కింద బూడిద గ్రేడియంట్ కూడా చేర్చి, ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ ఎంబెడ్ చేసి ల్యాబ్‌కి పంపండి. "ఆటో కరెక్షన్ వద్దు" అని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆపరేటర్ మంచి మనసుతో మీ తప్పులు సరిదిద్ది ఇస్తాడు, మీ మానిటర్ సంగతి మీకు తెలియదు.

వచ్చిన ప్రింట్‌ని పగటి వెలుగుకి దగ్గరగా ఉండే, సీఆర్‌ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 పైన ఉన్న ఎల్‌ఈడీ కింద పెట్టి స్క్రీన్‌తో పోల్చండి. వెలుగులో తేడా ఉంటే మానిటర్ బ్రైట్‌నెస్ కాస్త కదపండి, ప్రింట్ ఇంకా నల్లగా ఉంటే 120 నుంచి 100కి, 90కి దించండి. మూడు ఫొటోలూ ఒకే రంగు వైపు తిరిగితే గ్రేడియంట్ చూడండి. అదీ అటే తిరిగిందంటే తేడా ల్యాబ్ మిషన్‌లో ఉంది. ఆ షీట్ పట్టుకుని వెళ్లి చూపిస్తే మాట చెల్లుతుంది. ల్యాబ్ తన కాగితానికి ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ఇస్తే తీసుకుని, ఫొటోషాప్‌లో వ్యూ మెనూ కింద ప్రూఫ్ సెటప్‌లో పెట్టుకోండి. ప్రింట్‌లో ఏ ఎరుపు కుంగిపోతుందో పంపకముందే కనిపిస్తుంది.

క్లయింట్లు ఫోన్లో చూస్తారు కాబట్టి చివర్లో ఒక ఫోన్లో కూడా చూసుకోండి. అయితే ఫోన్ కోసం ఎడిట్ చేయొద్దు. వివిడ్ మోడ్‌లో పెట్టిన అమోలెడ్ తెర మీద ఏ పసుపైనా మండుతూనే కనిపిస్తుంది, దానికి సరిపడా తగ్గిస్తే ఆల్బమ్‌లో పెళ్లికూతురు పాలిపోతుంది. ల్యాబ్ మారినా, ల్యాబ్ వాళ్లు కాగితం మార్చినా ఆ పరీక్ష షీట్ మళ్లీ ఒకటి వేయించండి.